హైడ్రోజన్ బంకు ఎక్కడ నిలబడుతుంది?

2025 మార్చిలో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ హైడ్రోజన్ వాహనాల కోసం 5 ప్రయోగాత్మక ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చింది. వాటి కింద 37 బస్సులు, లారీలు దేశంలోని 10 మార్గాల్లో తిరుగుతాయి. వాటికి ఇంధనం నింపడానికి 9 కేంద్రాలు కడతారు. ఇందుకు కేంద్రం సమకూర్చే సాయం సుమారు 208 కోట్ల రూపాయలు. ఆ పది మార్గాల్లో 16వ నంబరు జాతీయ రహదారిపై విశాఖపట్నం నుంచి అనకాపల్లి మీదుగా బయ్యవరం వరకు ఉన్న మార్గం ఒకటి. 37 వాహనాలకు 9 బంకులంటే ఒక్కో బంకుకు సగటున నాలుగు బండ్లు. పెట్రోలు బంకు నడిపే ఎవరికైనా ఈ నిష్పత్తి వింతగా తోస్తుంది. ప్రయోగ దశలో ఇది తప్పదు గానీ, హైడ్రోజన్ రవాణాకు సంబంధించిన అసలు చిక్కంతా ఈ నిష్పత్తిలోనే ఇమిడి ఉంది.

ఈ విషయంపై వచ్చే రాతల్లో ఎక్కువ భాగం బండి చుట్టూనే తిరుగుతాయి. పొగ గొట్టం నుంచి నీరు తప్ప మరేమీ రాదని, అయిదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుందని, ఒకసారి నింపుకుంటే 500 కిలోమీటర్లకు పైగా వెళ్లవచ్చని చెబుతారు. హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించి మోటారును నడిపే ఫ్యూయల్ సెల్ కారు వరకు ఇవన్నీ నిజమే. టయోటా మిరాయ్ కారు 2014 చివరలోనే జపాన్ మార్కెట్‌కు వచ్చింది. అంటే బండి తయారై పదేళ్లు దాటింది. అయినా అది ఏ దేశంలోనూ మామూలు కారు కాలేకపోయిందంటే, కారణాన్ని బండిలో కంటే బంకులో వెతకడం మంచిది.

బరువు లెక్కన చూస్తే హైడ్రోజన్‌కు సాటి వచ్చే ఇంధనం లేదు. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉంటే కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్లు ఉంటుంది. అది పట్టే చోటు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. మామూలు పీడనం వద్ద ఒక్క కిలో హైడ్రోజన్ 11 ఘనపు మీటర్లకు పైగా ఆక్రమిస్తుంది. అందుకే దానిని కార్లలో 700 బార్ పీడనానికి, బస్సులు, లారీల్లో ఎక్కువగా 350 బార్ పీడనానికి కుదించి నింపుతారు. బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత. మన సీఎన్జీ ఆటోలో ఉండేది 200 బార్. ఇంతా చేసి 700 బార్ వద్ద కూడా లీటరు చోటులో పట్టేది 40 గ్రాములే. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి, అప్పుడు లీటరుకు 71 గ్రాములు. బంకులో కనిపించే ప్రతి ఖరీదైన యంత్రమూ ఈ ఒక్క గుణానికి కట్టే మూల్యమే.

నింపే ఆ అయిదు నిమిషాలు

హైడ్రోజన్ నింపడం బయటికి పెట్రోలు పోసినట్టే కనిపిస్తుంది. నాజిల్‌ను కారుకు తగిలించి లాక్ చేయగానే, కారు తన ట్యాంకు పరిమాణం, అందులో ఇప్పుడున్న పీడనం, ఉష్ణోగ్రతల వివరాలను పరారుణ సంకేతాల ద్వారా నింపే యంత్రానికి, అంటే డిస్పెన్సర్‌కు పంపుతుంది. డిస్పెన్సర్ ముందుగా కొద్దిపాటి వాయువును ఒక్కసారి వదిలి, ఎక్కడైనా లీకవుతోందా అని చూస్తుంది. అంతా సరిగా ఉంటేనే అసలు ప్రవాహం మొదలవుతుంది. పీడనం ఎంత వేగంగా పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది బంకు సిబ్బంది నిర్ణయించరు. ఎస్‌ఏఈ జె2601 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశించిన పట్టికలను బట్టి యంత్రమే నడిపిస్తుంది.

ఇంత జాగ్రత్త వేడి వల్ల అవసరమైంది. సైకిలు పంపు గట్టిగా కొడితే గొట్టం వేడెక్కినట్టే, ట్యాంకులోకి దూసుకొచ్చే హైడ్రోజన్ అప్పటికే అక్కడున్న వాయువును కుదించి వేడెక్కిస్తుంది. దీనికి తోడు ఈ వాయువుకు ఒక విచిత్ర స్వభావం ఉంది. ఎల్పీజీ వంటివి పీడనం తగ్గి విస్తరించేటప్పుడు చల్లబడతాయి. హైడ్రోజన్ మాత్రం మామూలు ఉష్ణోగ్రతల వద్ద విస్తరించేటప్పుడు కొంచెం వేడెక్కుతుంది. కారు ట్యాంకు లోపలి పొర ప్లాస్టిక్, దానిపై కార్బన్ ఫైబర్ చుట్టు ఉంటుంది కనుక ఆ వేడి త్వరగా బయటికి పోదు. ట్యాంకు ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటకూడదు. అందుకని 700 బార్ బంకుల్లో వాయువును నాజిల్‌కు చేరేలోపే మైనస్ 33 నుంచి మైనస్ 40 డిగ్రీల మధ్యకు చల్లార్చి, సెకనుకు 60 గ్రాములు మించకుండా వదులుతారు. ఆ చల్లార్చే యంత్రం అవసరమైనంత చల్లగా లేకపోతే నింపే వేగం తగ్గిపోతుంది లేదా నింపడమే ఆగిపోతుంది.

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపి ఉంచిన బండిని తీసుకుంటే, నింపకముందే దాని ట్యాంకు వేడిగా ఉంటుంది. ప్రమాణం 50 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు వర్తిస్తుంది కాబట్టి ఆ రోజు కూడా నింపవచ్చు. అయితే పీడనం నెమ్మదిగా పెరుగుతుంది, చల్లార్చడానికి అయ్యే విద్యుత్తు పెరుగుతుంది. యూరప్ వాతావరణంలో నమోదైన నిమిషాలను, ఖర్చును యథాతథంగా మన అంచనా పత్రాల్లో రాసుకుంటే లెక్క తప్పుతుంది. తేమ ఎక్కువగా ఉన్న చోట మరో చిన్న చిక్కు ఉంది. అతిచల్లని నాజిల్‌పై గాలిలోని తేమ గడ్డకట్టి, అది కారుకు అతుక్కుపోతుంది. మంచు కరిగేదాకా పీకడానికి వీలుండదు. కాలిఫోర్నియాలో మిరాయ్ యజమానులకు ఇది బాగా పరిచయమైన అనుభవమే. సముద్రపు గాలి తగిలే విశాఖ వంటి చోట 700 బార్ బంకు పెడితే ఇది ముందే ఆలోచించాల్సిన విషయం.

కారుకు అందే వేగంతో కంప్రెసర్ వాయువును కుదించలేదు. కాబట్టి కంప్రెసర్ తన పద్ధతిలో నెమ్మదిగా నడుస్తూ, 900 బార్ దాటిన పీడనంతో సిలిండర్ల వరుసలను నింపి ఉంచుతుంది. బండి వచ్చినప్పుడు మొదట తక్కువ పీడనం ఉన్న వరుస నుంచి, తర్వాత మధ్యస్థం నుంచి, చివరికి గరిష్ఠ పీడనం ఉన్న వరుస నుంచి వాయువు వెళ్తుంది. దీనినే క్యాస్కేడ్ అంటారు. వెంటవెంటనే నాలుగైదు బండ్లు వస్తే చివరి వరుసలో పీడనం పడిపోతుంది, ఆరో బండి కంప్రెసర్ పుంజుకునేదాకా ఆగాలి. సాయంత్రం పూట సీఎన్జీ బంకు దగ్గర ‘ప్రెషర్ లేదు’ అన్న మాట విన్న ఆటో డ్రైవర్లకు ఇది కొత్త కాదు. అందువల్ల హైడ్రోజన్ బంకు సామర్థ్యాన్ని రోజుకు ఎన్ని కిలోలు అన్న ఒక్క అంకెతో చెప్పడం అసంపూర్ణం. గంటలో ఎన్ని బండ్లకు వరుసగా నింపగలదన్నది కూడా తెలియాలి.

ఇక కంప్రెసర్ సంగతి. హైడ్రోజన్ అణువు అన్నిటికంటే చిన్నది కనుక సీళ్ల సందుల్లోంచి జారిపోతుంది, కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి దానిని పెళుసు చేస్తుంది. ఫ్యూయల్ సెల్‌కు ఇచ్చే వాయువు 99.97 శాతం స్వచ్ఛంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్లలో 0.2 పాలు మించినా, గంధకం అంతకంటే ఎంతో తక్కువ మోతాదులో ఉన్నా సెల్ పనితీరు దెబ్బతింటుంది. కాబట్టి కంప్రెసర్‌లో నూనె వాయువును తాకకూడదు. చాలా బంకులు పలుచని లోహపు పొర కదలికతో పనిచేసే డయాఫ్రమ్ కంప్రెసర్లు వాడటానికి ఇది ఒక కారణం. అవి ఆగకుండా నడిచినప్పుడే ఎక్కువ కాలం మన్నుతాయి, తరచూ ఆపి మళ్లీ నడిపిస్తే ఆ పొర త్వరగా దెబ్బతింటుంది. రోజుకు నాలుగు బండ్లే వచ్చే బంకులో కంప్రెసర్ చేసేది సరిగ్గా అదే. గిరాకీ లేని బంకు ఆదాయం కోల్పోవడంతో ఆగదు, మరమ్మతుల ఖర్చునూ పెంచుకుంటుంది. మరమ్మతుకు మూతపడితే వాహన యజమానులు నమ్మకం కోల్పోతారు. గిరాకీ ఇంకా తగ్గుతుంది. ప్రపంచంలో మూతపడిన హైడ్రోజన్ బంకుల కథల్లో చాలావాటికి ఈ వలయమే మూలం.

వాయువు ఎలా చేరుతుంది

బంకులోకి హైడ్రోజన్ రావడం మరో పెద్ద సమస్య. సర్వసాధారణమైన మార్గం 200 బార్ పీడనంతో ఉక్కు గొట్టాలను పేర్చిన ట్యూబ్ ట్రైలర్. మొత్తం బరువు 40 టన్నులకు దగ్గరగా ఉండే ఆ లారీ మోసుకెళ్లేది 300 నుంచి 400 కిలోల హైడ్రోజన్ మాత్రమే. పీడనం తగ్గేకొద్దీ బయటికి లాగడం కష్టమవుతుంది గనుక అదంతా కూడా బంకుకు దక్కదు. 20 వేల లీటర్ల పెట్రోలు ట్యాంకర్ తెచ్చే శక్తితో పోలిస్తే ఇది పదిహేనో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. ఫ్యూయల్ సెల్ బండి పెట్రోలు బండి కంటే సుమారు రెట్టింపు పొదుపుగా నడుస్తుంది కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది. అయినా ఒక పెట్రోలు ట్యాంకర్ చేసే పనికి ఏడెనిమిది హైడ్రోజన్ లారీలు కావాలి. తేలికైన కార్బన్ ఫైబర్ సిలిండర్లతో 500 బార్ వద్ద టన్ను వరకు తేవచ్చు. ద్రవ రూపంలో ఒక్క ట్యాంకర్ నాలుగు టన్నుల దాకా తెస్తుంది కానీ, కిలోను ద్రవీకరించడానికి పది యూనిట్లకు పైగా విద్యుత్తు ఖర్చవుతుంది. దక్షిణ కొరియాలో ఇంచియాన్ వద్ద 2024లో ప్రారంభమైన భారీ ద్రవ హైడ్రోజన్ కర్మాగారం నమ్ముకున్నది ఆ దేశంలో పెరుగుతున్న బస్సులనే. అంత గిరాకీ ముందుగా కనిపిస్తే తప్ప ద్రవీకరణ గిట్టుబాటు కాదు.

కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్‌ను బంకులోనే పెట్టుకోవడం రెండో మార్గం. అప్పుడు లారీల బెడద ఉండదు, కరెంటు బెడద ఉంటుంది. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. రోజుకు టన్ను తయారు చేయాలంటే రాత్రీపగలూ రెండు మెగావాట్లకు పైగా విద్యుత్తు నిరంతరం అందుతూ ఉండాలి. సౌర విద్యుత్తు మీదే నడపాలంటే పలక సామర్థ్యం పది మెగావాట్ల దరిదాపుల్లో ఉండాలి, దానికి యాభై ఎకరాలకు తక్కువ కాని స్థలం వెతుక్కోవాలి. నగరం మధ్యలో ఇది కుదిరే పని కాదు.

భద్రత విషయంలో భయాలు ఎక్కువ, వివరాలు తక్కువ. హైడ్రోజన్ చాలా తేలిక కనుక ఆరుబయట లీకైతే వెంటనే పైకి పోతుంది. ఇది అనుకూలమైన గుణం. బంకు పైకప్పును వాయువు చిక్కుకోని విధంగా కట్టేది ఇందుకే. ప్రతికూల గుణాలూ ఉన్నాయి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ మోతాదులో కలిసినా అది మండగలదు, అతి చిన్న నిప్పురవ్వ చాలు, మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనిపించదు. వంట గ్యాసులో కలిపినట్టు వాసన పదార్థం కలుపుదామంటే అందులోని గంధకం ఫ్యూయల్ సెల్‌ను పాడుచేస్తుంది. కాబట్టి ముక్కు చేసే పనిని సెన్సర్లు చేయాలి. 2019 జూన్ 10న నార్వేలోని ఓస్లో దగ్గర సాండ్‌వికా బంకులో పేలుడు జరిగింది. అధిక పీడన నిల్వ ట్యాంకులో ఒక ప్లగ్‌ను సరిగా బిగించకపోవడమే కారణమని పరికరాలు సరఫరా చేసిన నెల్ సంస్థ ప్రకటించింది. ప్రాణనష్టం జరగలేదు. కానీ దర్యాప్తు ముగిసేదాకా అదే రకం బంకులు మూతపడ్డాయి. టయోటా, హ్యుందాయ్ ఆ దేశంలో హైడ్రోజన్ కార్ల అమ్మకాలను తాత్కాలికంగా నిలిపేశాయి. అదే నెలలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా సరఫరా కేంద్రంలో పేలుడు జరగడంతో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు బంకులకు వారాల తరబడి ఇంధనం అందలేదు. నాలుగైదు వేల పెట్రోలు బంకులున్న చోట ఒకటి మూతపడితే ఎవరికీ తెలియదు. పది పన్నెండు బంకులే ఉన్న చోట ఒక్క ప్రమాదం వ్యవస్థనే ఆపేస్తుంది.

కాలిఫోర్నియా, జర్మనీ అనుభవాలు

కాలిఫోర్నియా ప్రయత్నంలో చిత్తశుద్ధి లోపించిందని ఎవరూ అనలేరు. 100 బంకులు నడిచే వరకు ఏటా 2 కోట్ల డాలర్ల దాకా కేటాయించేలా 2013లోనే అక్కడ చట్టం చేశారు. కార్ల కంపెనీలు కొనుగోలుదారులకు 15 వేల డాలర్ల విలువైన ఇంధన కార్డులు ఇచ్చాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన బే ఏరియాలో ఆ కార్డు ఆకర్షణతో మిరాయ్ తీసుకున్నవారు తక్కువేమీ కాదని ఊహించవచ్చు. అయినా బంకుల సంఖ్య యాభై, అరవై దగ్గరే ఆగిపోయింది. వాటిలోనూ ఏ రోజు ఏది పనిచేస్తుందో ఫోన్‌లో చూసుకొని బయల్దేరాల్సిన పరిస్థితి. కిలో ధర 2023 చివరికి కొన్ని బంకుల్లో 36 డాలర్లకు చేరింది. అయిదు కిలోల ట్యాంకు నింపడానికి 180 డాలర్లు. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ అక్కడ తన కార్ల హైడ్రోజన్ బంకులన్నిటినీ శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఉచిత ఇంధనం ఉన్నంతకాలం వినియోగదారుకు ధర కనిపించలేదు. కార్డు ఖాళీ అయిన రోజున ఒక్కసారిగా కనిపించింది.

జర్మనీలో పెద్ద వాయు సంస్థలు, చమురు కంపెనీలు, వాహన తయారీ సంస్థ డైమ్లర్ కలిసి హెచ్2 మొబిలిటీ అనే ఉమ్మడి సంస్థను స్థాపించాయి. కార్లు ఎన్ని ఉన్నాయన్న దానితో సంబంధం లేకుండా మొదటి వంద బంకులు కట్టేయాలన్నది అప్పటి సంకల్పం. ‘కోడి ముందా గుడ్డు ముందా’ అన్న చిక్కుముడిని గుడ్డు వైపు నుంచి విప్పుదామని అనుకున్నారు. బంకులు దాదాపు ఆ సంఖ్యకు చేరాయి, కార్లు మాత్రం రెండు వేలకు అటూ ఇటూగానే మిగిలాయి. ఆ సంస్థ ఇప్పుడు కార్ల కోసం కట్టిన చిన్న బంకులను మూసుకుంటూ, బస్సులు, లారీలకు పనికొచ్చే పెద్ద కేంద్రాల వైపు మళ్లుతోంది. ఇంత అనుభవం తర్వాత కూడా ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన దూరం లెక్కకే కట్టుబడి ఉంది. 2030 చివరికి ప్రధాన రహదారుల వెంట ప్రతి 200 కిలోమీటర్లకు ఒకటి చొప్పున, రోజుకు కనీసం టన్ను సామర్థ్యం గల బంకు ఉండాలని అది ఆదేశిస్తోంది. టన్ను అమ్మే గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ నిబంధనలో జవాబు లేదు.

చైనా మరో దారి పట్టింది. అక్కడ 400కు పైగా బంకులు ఉన్నాయి. చాలావరకు 350 బార్ పీడనంతో బస్సులకు, సరుకు లారీలకు నింపేవే. ఉక్కు కర్మాగారాలు, రేవులు, రసాయన పరిశ్రమల దగ్గర పరిశ్రమలో ఉప ఉత్పత్తిగా వచ్చే హైడ్రోజన్‌ను వాడుకుంటూ వాటిని గుంపులుగా పెట్టారు. అది పునరుత్పాదక విద్యుత్తుతో తయారైన పచ్చని (గ్రీన్) హైడ్రోజన్ కాదన్నది వేరే చర్చ. బంకు నిలబడటానికి కావలసిన రోజువారీ గిరాకీ మాత్రం అక్కడ ముందే ఖాయమై ఉంది. 350 బార్ అయితే కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది, అంత తీవ్రంగా చల్లార్చాల్సిన అవసరమూ ఉండదు. బస్సు మీద పెద్ద సిలిండర్లకు చోటుంది కాబట్టి తక్కువ పీడనం వల్ల పెద్దగా నష్టం లేదు.

మన దగ్గర

ఈ కోణం నుంచి చూస్తే భారత్ ఎంపిక సరైన వైపే ఉంది. 19,744 కోట్ల రూపాయలతో 2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కార్ల జోలికి పోకుండా బస్సులు, లారీలనే ఎంచుకుంది. పైగా 37 వాహనాల్లో 22 ఫ్యూయల్ సెల్ లేకుండా ఇంజిన్‌లోనే హైడ్రోజన్‌ను మండించేవి. ఇంజిన్‌కు అంత కఠినమైన స్వచ్ఛత అవసరం లేదు, మన మెకానిక్కులకు తెలిసిన యంత్రమే. కానీ అది ఫ్యూయల్ సెల్ కంటే ఎక్కువ హైడ్రోజన్ తాగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కొంత వదులుతుంది. బంకు దృష్టితో చూస్తే ఎక్కువ తాగే బండి మంచి గిరాకీదారు అన్నది ఇందులో చిన్న వ్యంగ్యం.

ఇప్పటికే నడుస్తున్న వాటిలో లేహ్ కేంద్రం ఆసక్తికరమైనది. సముద్ర మట్టానికి 3,000 మీటర్లకు పైన, చలికాలంలో మైనస్ 20 డిగ్రీల దిగువకు పడిపోయే చోట, ఎన్టీపీసీ కోసం దానిని నిర్మించినది అమర రాజా గ్రూపు. సామర్థ్యం రోజుకు 80 కిలోలు, నింపాల్సినవి అయిదు బస్సులు. బస్సుకు 16 కిలోల చొప్పున, వంద కిలోమీటర్లకు 8 కిలోల లెక్కన రోజుకు 200 కిలోమీటర్ల ప్రయాణం. బండ్లు ఎన్నో ముందే తెలుసు, అవి రాత్రికి ఎక్కడికి తిరిగొస్తాయో తెలుసు, ఇంధనం పక్కనే సౌర విద్యుత్తుతో తయారవుతుంది. పరిమాణం చిన్నదే అయినా లెక్క పొసిగిన బంకు అది.

విశాఖ–బయ్యవరం మార్గానికీ ఈ లెక్కే వేసి చూడవచ్చు. నాలుగైదు బస్సులు నడిస్తే రోజుకు 70, 80 కిలోలు చాలు. విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఏడాదికి 370 టన్నుల, అంటే రోజుకు సుమారు టన్ను గ్రీన్ హైడ్రోజన్ తయారు చేసే యూనిట్ ఉంది. అరవై బస్సులకు సరిపడే ఆ వాయువు ప్రధానంగా రిఫైనరీ అవసరాల కోసం ఉద్దేశించినది. అదే అనకాపల్లి జిల్లాలో, 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పూడిమడక ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. ఆ అంకె ముందు నాలుగైదు బస్సుల రోజువారీ అవసరం నాలుగైదు సెకన్ల ఉత్పత్తి. అక్కడి వాయువు మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటి ఉత్పత్తులుగా మారి ఎక్కువగా ఓడలెక్కడానికే. పక్కనే అంత హైడ్రోజన్ తయారు కానుంది కాబట్టి జాతీయ రహదారి పొడవునా బంకులు వాటంతట అవే వస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు. తయారీ చోటు నుంచి నాజిల్ దాకా ఉన్న కుదింపు, రవాణా, నిల్వ, చల్లార్పుల ఖర్చు తయారీ ఎంత పెద్దదైనా తగ్గదు. బంకు గుండా రోజూ పోయే కిలోలు పెరిగితేనే తగ్గుతుంది.

ఆ కిలోలు ఎవరు కొంటారన్నదే తేలాలి. నగర బస్సులకైతే హైడ్రోజన్ ఇప్పటికే ఆలస్యమైనట్టు కనిపిస్తోంది. తిరుమల ఘాట్ రోడ్డు వంటి కష్టమైన దారిలో కూడా 2022 నుంచి బ్యాటరీ బస్సులు తిరుగుతున్నాయి. 55 యూనిట్ల విద్యుత్తుతో కిలో హైడ్రోజన్ తయారు చేసి ఫ్యూయల్ సెల్ బస్సులో పోస్తే చక్రాలకు చేరేది 16, 17 యూనిట్లు. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపితే 40 యూనిట్లకు పైగా చేరుతుంది. ఈ తేడాను ఏ సబ్సిడీ శాశ్వతంగా పూడ్చలేదు. మిగిలేవి రోజుకు 500, 600 కిలోమీటర్లు తిరుగుతూ, బ్యాటరీ బరువుకు సరుకు కోల్పోలేని, గంటల తరబడి ఛార్జింగ్‌కు ఆగలేని భారీ లారీలు. గంగవరం, విశాఖ రేవుల నుంచి నిత్యం ఒకే దారిలో బొగ్గు, ఉక్కు, కంటైనర్లు మోసే లారీలు అలాంటివే. విశాఖ బంకును బస్సుల కోసం మొదలుపెట్టినా, స్థలం ఎంపికలోనూ డిస్పెన్సర్ సామర్థ్యంలోనూ ఆ లారీలను దృష్టిలో పెట్టుకుంటేనే దానికి భవిష్యత్తు ఉంటుంది.

ప్రస్తుత ప్రాజెక్టుల సాయం నిర్మాణం మీద, వాహనాల కొనుగోలు ధరలోని వ్యత్యాసం మీద ఆధారపడినంతకాలం బంకు కట్టినవారికి దానిని రోజూ నడపాలన్న ఒత్తిడి ఉండదు. సాయంలో చెప్పుకోదగ్గ భాగాన్ని బంకు పనిచేసిన గంటలకు, పోసిన కిలోలకు ముడిపెట్టడం మేలు. 9 కేంద్రాల్లో ప్రతి ఒక్కటీ రోజుకు ఎన్ని కిలోలు పోసింది, కంప్రెసర్ ఎన్ని గంటలు మూలనపడింది, మే నెలలో చల్లార్పుకు కిలోకు ఎన్ని యూనిట్లు అయ్యాయి, వరుసగా నాలుగో బస్సుకు నింపడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అన్న వివరాలను నెలనెలా బహిరంగంగా ప్రకటించాలన్న షరతు కూడా ఒప్పందంలో చేర్చాలి. పదో బంకు ఎక్కడ కట్టాలో, అసలు కట్టాలో వద్దో తేల్చడానికి ఆ నాలుగు అంకెలు అవసరం.